ముందు మీ బ్యాగ్ తెరవండి

రెండేళ్ల కిందట కెనడాలోని సార్నియా నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. పేరు మౌనిక, సొంతూరు కరీంనగర్ దగ్గర. సార్నియా కాలేజీలోనే టూరిజం డిప్లొమా చదువుతోంది, అందరిలాగే పీఆర్ అనే శాశ్వత నివాస హక్కు కోసం చూస్తోంది. మా ఆవిడ శారద స్నేహితురాలెవరో నా నంబరు ఇచ్చారట.

"అంకుల్, బేర్ గైడ్ జాబ్ చేస్తే పీఆర్‌కి పాయింట్స్ వస్తయా?" అని అడిగింది.

"ఆ సంగతి ఎలుగుబంట్లను అడగాలమ్మా. వాటికి మనందరికంటే ముందే పీఆర్ వచ్చింది" అన్నాను.

అవతల ఆ పిల్ల నవ్వింది. "సరే అంకుల్, పాయింట్స్ సంగతి వదిలేయండి. అసలు ఆ పని ఎట్లుంటదో నిజంగా చెప్పండి. వెబ్‌సైట్‌లో ఉన్నదంతా నేను చదివిన."

నిజంగా చెప్పమని నన్ను అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. మిగతావాళ్లంతా "భయం వెయ్యదా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపు పకోడీల ప్లేటు వైపు వెళ్లిపోయేవారు. అందుకని ఆ పిల్లకు ఫోన్లో చెప్పిందీ, చెప్పకుండా మింగిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను, ఎందుకంటే రాలేదు. అవార్డుల గురించి రాయను. ఒకటి వచ్చింది గానీ దాని మీద పేరు తప్పు పడింది.

ఉద్యోగం పేరు చెప్పలేని ఉద్యోగం

కెనడా పడమటి తీరాన, బర్నబీలో మా ఇంటి చుట్టుపక్కల తెలుగువాళ్లందరూ గౌరవనీయులు. సాఫ్ట్‌వేర్, బ్యాంకు, యూనివర్సిటీ, ఆసుపత్రి. ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా అదే సంభాషణ.

"మూర్తిగారూ, మీరేం చేస్తుంటారు?"

"జనాన్ని అడవిలో నడిపిస్తుంటానండీ."

"అబ్బే, వీకెండ్ సంగతి కాదండీ. ఉద్యోగం?"

అదే ఉద్యోగమని చెబితే వాళ్ల మొహంలో ఒక జాలి కనిపించేది. "పాపం, ఈయన డిగ్రీకి ఇక్కడ గుర్తింపు రాలేదేమో" అని ఆ జాలికి అర్థం. ఒకాయన నన్ను పక్కకు తీసుకెళ్లి, గోడౌన్లలో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి లైసెన్సుకు మంచి డిమాండు ఉందని రహస్యంగా చెప్పాడు. ఆయన మంచి మనసుకు దండం పెట్టుకుని వచ్చేశాను.

అయినా ఆ జాలి నన్ను గుచ్చేది. ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. నా ఉద్యోగాన్ని మనవాళ్లు ఒక్కసారి చూసి, "ఔరా మూర్తిగారూ" అంటే చాలని పాతికేళ్లు కోరుకున్నాను. ఆ కోరికే నా కొంప ముంచింది.

బండా, నారింజపండ్లు

నేను ఈ పని నేర్చుకున్నది కెనడాలో కాదు, జాంబియాలో. అక్కడి సర్కారు బళ్లో బయాలజీ చెప్పడానికి తెనాలి నుంచి వెళ్లాను. సెలవుల్లో ఒక నది లోయలో నడక సఫారీ నడిపే క్యాంపులో చేరాను. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు చెప్పే మనిషి కావాలన్నారు. రెండు సెలవులు గడిచేసరికి బడి మానేశాను. ఆ కబురు మా నాన్నగారికి ఎలా చేరిందో, చేరాక ఆయన ఏమన్నారో రాస్తే ఎవరూ అచ్చు వెయ్యరు.

నడక సఫారీ అంటే సింహం వెనకాల పరిగెత్తడం అనుకునేవాళ్లు ఉన్నారు. అసలు పని చెబుతాను. తెల్లారగానే బయల్దేరతారు. ముందు తుపాకీతో స్కౌట్, అంటే అడవి కాపలాదారు, వెనక గైడు, ఆ వెనక ఒకే వరుసలో అతిథులు. ఎవరూ మాట్లాడకూడదు. నాలుగు గంటలు నడిచి పేడ చూస్తారు. ఏనుగు పేడ, గేదె పేడ, నీటి ఏనుగు పేడ. ఇది నిన్నటిదా, ఇవాళ్టిదా అని గైడు వంగి, పుల్లతో కెలికి చెబుతాడు. లండన్ నుంచి ఖర్చు పెట్టుకుని వచ్చిన పెద్దమనుషులు చుట్టూ చేరి, ముక్కు మూసుకోకుండా వింటారు. మా నాన్నగారికి ఇదంతా ఉత్తరంలో వివరంగా రాశాను. మూడు నెలలు జవాబు లేదు.

మా స్కౌట్ పేరు బండా. యాభై దాటిన మనిషి, సన్నగా ఉండేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. నడకకు ముందు ఆయన ఒక పని చేసేవాడు. అందరినీ వరుసగా నిలబెట్టి, ప్రతి ఒక్కరి బ్యాగూ తెరిచి, అడుగుదాకా చెయ్యి పెట్టి చూసేవాడు. నారింజపండు దొరికితే తీసి పక్కన పడేసేవాడు. ఏనుగులకు నారింజ వాసన అంటే పిచ్చి. ఆ పండు ఉన్న గుడారమైనా, బ్యాగైనా, మనిషైనా వాటికి ఒకటే.

ఒకసారి రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. బండా బ్యాగ్ తెరవమన్నాడు.

"నేనెవరో తెలుసా?" అన్నాడు అధికారి.

"నాకు తెలుసు సార్. ఏనుగుకు తెలియదు" అన్నాడు బండా, చాలా మర్యాదగా, జిప్పు లాగుతూ.

రెండు నారింజలు దొరికాయి. ఆ దొర మొహం మాడిపోయింది. నడక సగం వరకూ బండా వైపు చూడలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం బండాతో ఫొటో దిగి, ఆ కథ తానే అందరికీ నవ్వుతూ చెప్పాడు.

అంత కచ్చితంగా ఎందుకుంటావని తర్వాత బండాను అడిగాను. తన సర్వీసులో ఏనుగును కాల్చింది ఒక్కసారేనన్నాడు. ఎవరో పాపం మంచివాడు, ముసలి ఆడ ఏనుగుకు రెండు పండ్లు విసిరాడట. మర్నాటి నుంచి అది గుడారాలు చీల్చడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండా బండాకు ఆర్డరు వచ్చింది. "పండ్లు విసిరినవాడు అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. ఏనుగే ఇక్కడ ఉంది" అన్నాడు.

నేను తల ఊపాను. చాలా బాగా అర్థమైనట్టే ఊపాను.

పదమూడో ఎక్కం

కెనడా వచ్చాక బ్రిటిష్ కొలంబియా ఉత్తర తీరంలో ఒక లాడ్జిలో పని దొరికింది. లాడ్జి అంటే బస్టాండు పక్కన గదులు కాదు. రోడ్డు లేని చోట, నీళ్ల మీద దిగే చిన్న విమానంలో మాత్రమే వెళ్లగలిగే చోట, చెక్కతో కట్టిన పది గదులు. యజమాని గ్లెన్. ఆయనకు ఎలుగుబంట్ల గురించి కొంచెం, బ్రోషర్ల గురించి చాలా తెలుసు. నేను 'ఆఫ్రికాలో నడిపిన గైడు'నని తెలియగానే ఉద్యోగం ఇచ్చాడు, బ్రోషర్లో రాసుకోవడానికి.

మొదటి వారమే నా ఆఫ్రికా గొప్ప బయటపడింది. అక్కడ నేర్చుకున్నట్టే ఆరుగురిని ఒకే వరుసలో, ఊపిరి కూడా వినపడకుండా నడిపించాను. మలుపు తిరిగేసరికి పది అడుగుల్లో గ్రిజ్లీ అనే భారీ గోధుమరంగు ఎలుగు. అది పండ్లు తింటూ మమ్మల్ని చూసి అదిరిపడింది. మా సంగతి చెప్పక్కర్లేదు. మా పుణ్యాన అది పొదల్లోకి పోయింది గానీ, లేకపోతే ఈ వ్యాసం మరొకరు రాయాల్సి వచ్చేది.

గ్లెన్ వచ్చి తిట్టాడు. ఇక్కడ మాట్లాడుతూ నడవాలి, మనం వస్తున్నామని వాటికి ముందే తెలియాలి, ఉలిక్కిపడ్డ ఎలుగే ప్రమాదం అన్నాడు. అంటే పదకొండేళ్లు కష్టపడి నేర్చుకున్న మౌనం ఇక్కడ పనికిరాదన్నమాట. సరే, మర్నాటి నడకలో గట్టిగా ఏం మాట్లాడాలి? ఆ కంగారులో నాకు నోటికొచ్చింది ఒక్కటే. "పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్లు ఇరవై ఆరు" అని మొదలుపెట్టాను. గొంతు బాగుందేమో, అతిథులు ఆగి, కళ్లు మూసుకుని విన్నారు. ఆ వారం ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఒకావిడ, గైడు అడవిని శాంతింపజేసే ప్రాచీన మంత్రాలు చదివాడని రాసింది. మరుసటి ఏడాది ఆ వాక్యం బ్రోషర్లోకి ఎక్కింది. నేను ఖండించలేదు. పందొమ్మిదో ఎక్కం దాకా ప్రాక్టీసు చేశాను.

కొత్తగా వచ్చేవాళ్లకు ఒక మాట. ఒక అడవిలో ప్రాణం కాపాడిన అలవాటు ఇంకో అడవిలో ప్రాణం తీస్తుంది. రెండు చోట్లా మారనిది మాత్రం ఒకటే కనిపించింది నాకు, బండా బ్యాగ్ తనిఖీ. ఇక్కడ నారింజలు కాదు, తినేది ఏదైనా సరే, నడకకు తీసుకెళ్లకూడదు. పడవ దిగే చోట ఒక ఇనప పెట్టె ఉంటుంది. బ్యాగులు తెరిచి, తిండి తీసి అందులో పెట్టి తాళం వెయ్యాలి. ఒక జర్మన్ జడ్జిగారి చాక్లెట్ తీశాను. ఒక టీవీ ఆయన పాకెట్లోంచి మాంసం ముక్కలు తీశాను. ఏ మొహమాటమూ పడలేదు. వాళ్లు నాకేమీ కారు కదా.

పెద్దమ్మ

నదికి అడ్డంగా నడిచి దాటే ఒక రేవు ఉంది. సాల్మన్ చేపలు ఎదురెక్కే రోజుల్లో ఒక ఆడ ఎలుగు అక్కడికి వచ్చేది. ఎడమ చెవి చిరిగి ఉండేది, భుజం మీద లేత రంగు మచ్చ. బ్రోషర్లో గ్లెన్ దానికి రాణి అని పేరు పెట్టాడు. నేను పెద్దమ్మ అనేవాణ్ణి.

తొమ్మిది వేసవులు చూశాను దాన్ని. మేం అవతలి గట్టున కూర్చుంటే ఒకసారి తలెత్తి చూసేది. ఓహో, మీరా అన్నట్టు మళ్లీ చేపల పనిలో పడేది. గంట సేపు మా ఎదుటే చేపలు పట్టి తినేది. మేం దానికి ఎందుకూ పనికిరాని వస్తువులం. అదే మా ఇద్దరి మధ్య ఒప్పందం. మనిషి అంటే తిండీ కాదు, భయమూ కాదు, గట్టున ఉన్న ఇంకో మొద్దు అంతే. ఆ ఒప్పందం వల్లనే వందల మంది దాన్ని అంత దగ్గర నుంచి చూసి బతికి బట్టకట్టారు. అదీ బతికింది. ఆఖరి ఏడాది దాని వెంట రెండో ఏడు నడుస్తున్న పిల్ల ఉంది.

హామిల్టన్ నుంచి మనవాళ్లు

ఆ ఏడాది సెప్టెంబరులో గ్లెన్ ఒక లిస్టు నా చేతిలో పెట్టాడు. "నీ మనుషులు వస్తున్నారు, నువ్వే తీసుకెళ్లు" అన్నాడు. చూస్తే మూడు జంటలు, అందరూ తెలుగువాళ్లు, కెనడా తూర్పు వైపు ఉన్న హామిల్టన్‌లో రిటైరైనవాళ్లు. ఇద్దరు డాక్టర్లు, ఒక స్టీలు ప్లాంటు ఇంజనీరు. నా సంతోషం చెప్పలేను. షర్టు ఇస్త్రీ చేసుకున్నాను. అడవిలో, ఎలుగుబంట్ల కోసం, ఇస్త్రీ!

విమానం దిగగానే పెద్ద డాక్టరుగారు నా చెయ్యి పట్టుకుని, "మూర్తిగారూ, తెలుగువాడు ఇలాంటి పని చేస్తున్నాడంటే గర్వంగా ఉందండీ" అన్నారు. పాతికేళ్లుగా ఎదురు చూసిన మాట. ఆయన భార్య సుభద్రమ్మగారు నన్ను పైనుంచి కిందికి చూసి, "చిక్కిపోయావు తమ్ముడూ. ఇక్కడ ఎవరు వండిపెడతారు నీకు?" అన్నారు. అంతే, నేను పనికిరాకుండా పోయాను.

మర్నాడు పడవ దిగాం. ఇనప పెట్టె దగ్గర వరుసగా నిలబడ్డారు. జడ్జిగారి బ్యాగులో దూరిన ఈ చెయ్యి సుభద్రమ్మగారి బ్యాగు దాకా వెళ్లి ఆగిపోయింది. అక్కలాంటి ఆవిడ. ఎయిర్‌పోర్టు సెక్యూరిటీవాడిలా ఆవిడ బ్యాగు కెలుకుతానా?

"తినేవేమీ లేవు కదండీ?" అని అడిగాను, చేతులు వెనక్కి కట్టుకుని.

"అయ్యో, మీరు మెయిల్లో రాశారుగా. ఏమీ లేవండీ" అన్నారు డాక్టరుగారు.

సుభద్రమ్మగారు చిన్నగా నవ్వారు. నేనూ నవ్వాను. ఆరుగురిలో ఒక్కరి బ్యాగూ తెరవలేదు.

రేవు దగ్గర కూర్చున్నాం. అవతలి గట్టున పెద్దమ్మ, పిల్ల చేపలు పడుతున్నాయి. డాక్టరుగారు "ఔరా" అన్నారు, సరిగ్గా నేను కోరుకున్న మాటే. నా గుండె ఉప్పొంగింది. అప్పుడు సుభద్రమ్మగారు బ్యాగులోంచి ఒక స్టీలు డబ్బా తీసి మూత తెరిచారు.

"తమ్ముడూ, ఇవి నీకోసమే. సున్నుండలు. హామిల్టన్‌లో చేసి తెచ్చా. వీళ్లెవరికీ చెప్పలేదు, సర్‌ప్రైజ్" అన్నారు.

నెయ్యి వాసన నాకే గుప్పున కొట్టింది. గాలి మా వైపు నుంచి అవతలి గట్టుకు వీస్తోంది. పెద్దమ్మ చేపను వదిలేసి వెనక కాళ్ల మీద లేచి నిలబడింది, ముక్కు పైకెత్తి.

"మూసెయ్యండి అక్కయ్యగారూ, మూత పెట్టెయ్యండి" అన్నాను. గట్టిగా అన్నానేమో, ఆవిడ ఉలిక్కిపడ్డారు. డబ్బా చేతిలోంచి జారి రాళ్ల మీద పడింది. సున్నుండలు దొర్లాయి.

ఏరుకునే టైము లేదు. పెద్దమ్మ నీళ్లలోకి దిగింది. అందర్నీ ఒక గుంపుగా చేసి, ఎలుగు మీదికొస్తే కొట్టే కారం స్ప్రే చేతిలో పట్టుకుని, ఒక్కో అడుగే వెనక్కి నడిపించాను. ఎవరూ పరిగెత్తలేదు, ఆ మాత్రం పని వచ్చు నాకు. దూరంగా ఆగి చూస్తే, తల్లీ పిల్లా ఆ రాళ్ల మీద ఒక్కో సున్నుండా ఏరుకుని తింటున్నాయి. పెద్దమ్మ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని అడుగుదాకా నాకింది. ఇంజనీరుగారు వీడియో తీస్తూ, "చూశారా, ఎలుగుకు కూడా మన సున్నుండే నచ్చింది" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వకుండా అందర్నీ పడవ వైపు నడిపించాను.

పడవ ఎక్కాక డాక్టరుగారు పక్కకు పిలిచారు. "మూర్తిగారూ, మా ఆవిడ పెట్టుకుందని నాకు తెలీదండీ. తప్పే. కానీ ఆ గ్లెన్‌కి చెబితే మన తెలుగువాళ్ల పరువు పోతుంది. ఆవిడ కూడా కుమిలిపోతుంది. ఇది మన మధ్యే ఉండనివ్వండి."

రూలు ఏమిటంటే, ఎలుగుకు మనిషి తిండి అందితే ఆ రోజే, రోజూ నింపే లాగ్ బుక్‌లో రాయాలి. వన్యప్రాణి ఆఫీసరుకు ఫోన్ చెయ్యాలి. దారి మూసేస్తారు. అది మనుషుల వైపు వచ్చినప్పుడల్లా రబ్బరు గుళ్లతో కొట్టి, మనుషుల దగ్గర దొరికేది దెబ్బలేనని నేర్పిస్తారు. మొదటిసారైతే చాలా ఎలుగులు నేర్చుకుంటాయి.

ఆ సాయంత్రం లాగ్ బుక్ తెరిచి నేను రాసింది ఇది: 'రేవు దగ్గర పెద్దమ్మ, పిల్ల కనిపించాయి. అతిథులు చాలా సంతోషించారు.'

పదకొండు రోజులు

పదకొండో రోజున మా లాడ్జిలో ఇంకో గైడు కేట్, నలుగురిని రేవుకు తీసుకెళ్లింది. పెద్దమ్మ చేపల వైపు చూడలేదు. నీళ్లు దాటి తిన్నగా మనుషుల వైపు వచ్చింది. కేట్ అరిచింది, స్ప్రే కొట్టింది, గాలి అడ్డం తిరిగింది. పెద్దమ్మ ఒక రిటైర్డ్ టీచరు వీపు మీది బ్యాగును పట్టి లాగింది. ఆయన కింద పడి భుజం ఎముక విరిగింది. బ్యాగులో రెయిన్‌కోటు తప్ప ఏమీ లేదు. కేట్ బ్యాగులన్నీ తెరిచి చూసిన మనిషి.

మర్నాడు ఆఫీసరు దిగాడు. కుర్రవాడేం కాదు, తలనెరిసినవాడు, మాట తక్కువ. అందర్నీ కూర్చోబెట్టి ఒక్కటే అడిగాడు. "దీనికి ఇంతకుముందు మనుషుల దగ్గర తిండి దొరికిందా?"

"ఎప్పుడూ లేదు, లాగ్ బుక్ చూసుకోండి" అన్నాడు గ్లెన్.

ఆఫీసరు పేజీలు తిప్పుతూ చెప్పాడు. తిండి దొరక్కపోయి ఉంటే ఇది ఏదో ఒక్కసారి జరిగిన పొరపాటు కావచ్చు, దారి మూసి రబ్బరు గుళ్లతో ప్రయత్నిద్దాం. దొరికి ఉంటే మాత్రం నేర్చేసుకుంది, ఇంక వేరే దారి లేదు. నా అందమైన చేతిరాత మీద ఆయన వేలు ఆగింది. అతిథులు చాలా సంతోషించారు.

నోరు మూసుకుంటే పెద్దమ్మ బతుకుతుంది. కానీ రేపు అది లాగేది బ్యాగునే కాకపోవచ్చు. తొమ్మిదేళ్లు నన్ను ఏమీ అనని ప్రాణి అటు, మొహం కూడా తెలియని మనిషి ఎవరో ఇటు. నేను లేచి నిలబడ్డాను.

"దొరికింది. పన్నెండు రోజుల కిందట. నా గ్రూపులో" అన్నాను.

గ్లెన్ నా వైపు చూసిన చూపు గురించి రాయను. ఆఫీసరు తిట్టలేదు. పుస్తకం మూసి, "ఆ రోజే చెప్పి ఉంటే దీన్ని బతికించి ఉండేవాణ్ణి" అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. తర్వాత, "ఏ ఎలుగో నువ్వే చూపించాలి, తప్పు ఎలుగును కాల్చకూడదు" అన్నాడు.

వెళ్లాం. రేవులో అదే చోట ఉంది. మమ్మల్ని చూసి తలెత్తింది. ఇప్పుడు మేం దానికి మొద్దులం కాదు. ఆశగా మా వైపే నడిచి వచ్చింది. నేను చెయ్యి ఎత్తి చూపించాను. ఒకే గుండు. పిల్ల అరుచుకుంటూ అడవిలోకి పరిగెత్తింది. నేను ఆ రాళ్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆఫీసరు నీళ్ల వైపు తిరిగి, నేను లేచేదాకా నిలబడ్డాడు.

గ్లెన్ నన్ను తీసెయ్యలేదు. సీజన్ మధ్యలో గైడు ఎక్కడ దొరుకుతాడు? మరుసటి ఏడాది బ్రోషర్లో ఇంకో ఎలుగు ఫొటో వేసి, దాని కింద మళ్లీ రాణి అని రాశాడు. ఇంకో నాలుగు సీజన్లు పనిచేశాను. ప్రతి బ్యాగూ తెరిచాను. తెలుగువాళ్లవి రెండుసార్లు తెరిచాను.

సుభద్రమ్మగారు ఇప్పటికీ ప్రతి దీపావళికీ ఫోన్ చేస్తారు. "పెద్దమ్మ ఎలా ఉంది తమ్ముడూ?" అని అడుగుతారు. "బాగుందక్కయ్యా" అంటాను. చూశారా, ఇంత జరిగాక కూడా! ఇది చదివితే ఆవిడకు తెలుస్తుంది. అక్కయ్యా, తప్పు మీది కాదు. ప్రేమగా చేసి తెచ్చారు. బ్యాగు తెరవడం నా పని, నాకు జీతం ఇచ్చింది అందుకే. మీరు నొచ్చుకుంటారని నా పని నేను చెయ్యలేదు. దీన్నే మనవాళ్లు మర్యాద అంటారు.

అతిథిగా

ఈ కథ మొదట శారదకు చెప్పాను, తర్వాత ఫోన్లో మౌనికకు. ఆ పిల్ల చివరిదాకా వింది. కోర్సు అయిపోయాక స్ప్రే, ఫస్ట్ ఎయిడ్, అన్ని సర్టిఫికెట్లూ చేసింది. నేను గ్లెన్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఒక సీజన్ వంటింట్లో గిన్నెలు తోమించి, ఈ ఏడాది గైడుగా తీసుకున్నాడు.

పోయిన ఆగస్టులో, "అంకుల్, ఒకసారి గెస్ట్‌గా రండి, నా వాక్ ఎట్లుందో చూడండి" అని పిలిచింది. వెళ్లాను. పడవ దిగాం. అదే ఇనప పెట్టె, కొత్త రంగు వేశారు. నాతో పాటు టొరాంటో నుంచి వచ్చిన అయిదుగురు. ఆ పిల్ల అందరికంటే ముందు నా దగ్గరికే వచ్చింది.

"అంకుల్, బ్యాగ్ తెరవండి."

"నాదా?" అన్నాను నవ్వుతూ. నా ఉద్దేశంలో అది జోకు.

"మీదే అంకుల్."

అందరూ చూస్తున్నారు. నాకు నిజంగానే చురుక్కుమంది. "ఏమమ్మా, నేనెవరో తెలుసా? ఈ దారిలో పాతికేళ్లు జనాన్ని నడిపించినవాణ్ణి" అన్నాను.

"తెలుసంకుల్" అంది మౌనిక, జిప్పు లాగుతూ. "అందుకే ఫస్ట్ మీది."

అడుగుదాకా చెయ్యి పెట్టింది. స్వెట్టరు కింద నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా బయటికి వచ్చింది. చెగోడీలు.

"నాకు షుగర్ కదాని మా ఆవిడ పెట్టినట్టుంది. నాకు తెలీదమ్మా" అన్నాను. ఈ మాట ఎక్కడో విన్నట్టు అనిపించి నోరు మూసుకున్నాను.

"షుగర్ డౌన్ అయితే చెప్పండి అంకుల్, గ్లూకోజ్ నా దగ్గర సీల్డ్ డబ్బాల ఉంది" అంటూ చెగోడీలు పెట్టెలో పెట్టి తాళం వేసింది. సారీ చెప్పలేదు. తర్వాతి మనిషి వైపు తిరిగి, "నెక్స్ట్" అంది.

మొహం ఎర్రబడింది నాకు. ఎంత పొగరు ఈ పిల్లకు, ఉద్యోగం ఇప్పించింది నేనే కదా అనుకుంటూ నడిచాను. అడవి దారిలో ఆ పిల్ల మలుపు మలుపుకీ గట్టిగా మాట్లాడుతూనే ఉంది. నేను మాత్రం బిగదీసుకుని, అందరికంటే వెనక నడిచాను. రేవు వచ్చింది. అవతలి గట్టున ఒక ఎలుగు చేపలు పడుతోంది. భుజం మీద లేత రంగు మచ్చ ఉంది. అది పెద్దమ్మ పిల్లేనని నేను చెప్పలేను, అలాంటి మచ్చలు చాలా ఎలుగులకు ఉంటాయి. అది ఒకసారి తలెత్తి మమ్మల్ని చూసింది. మళ్లీ చేపల పనిలో పడింది.

ఆ రాళ్ల మీద కూర్చుని చూస్తూ ఉంటే, నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. ఆ రోజు నేను బ్యాగు తెరిచి ఉంటే సుభద్రమ్మగారికి కూడా ఇంతే కోపం వచ్చేది. సాయంత్రం కాఫీ వేళకు ఆ కోపం పోయేది.